చనిపోయిన రాణికి మోకరిల్లినవాడు

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకమంతా బెంబేలెత్తిన రోజుల్లో, ఆ బెంబేలు పుణ్యమా అని నాకు కాన్‌బెర్రాలో ఉద్యోగం దొరికింది. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల్లో ఉన్న సంవత్సరాలను వెతికి నాలుగంకెలు చెయ్యడం నా పని. గుంటూరులో మావాళ్ళు నన్నేదో శాస్త్రవేత్త అనుకున్నారు. నేను చేసింది పొద్దస్తమానం తారీఖులు దిద్దడమే.

ఊరి శివారు గంగాలిన్‌లో మేం దిగేసరికి అక్కడ అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్నాయి. మా పక్కింట్లో ఒక ఐరిష్ పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. కుర్రతనంలో ఓడెక్కి వచ్చి, క్యాథలిక్ బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పేరు పెట్టి పిలవమన్నారు గానీ నాకు నోరు రాలేదు, అంకుల్ అన్నాను. శనివారం సాయంత్రాలు ఆయనింట్లో టీ తాగుతూ కూర్చోవడం అలవాటైంది. ఆ టీ గురించి మా ఆవిడ అభిప్రాయం వేరు. "దానికన్నా ఉత్త వేణ్ణీళ్ళు నయం కదండీ. అట్లీస్ట్ పాలన్నా సేవ్ అవుతాయి," అనేది.

నా పనేమిటో చెప్పగానే ఆయన పకపకా నవ్వారు. "తారీఖుల తగాదా మీతోనే మొదలైందనుకుంటున్నావా?" అని, నాలుగొందల ఏళ్ళ కిందటి యుద్ధం ఒకటి చెప్పారు. ఐర్లాండ్ ఉత్తరాది నాయకుడొకడు ఇంగ్లండ్ రాణి మీద తిరగబడి ఏళ్ళ తరబడి పోరాడాడు. సాయానికి స్పెయిన్ సైన్యం దక్షిణపు కొసన దిగిందని తెలిసి, నడిచలికాలంలో దేశం ఈ చివర నుంచి ఆ చివరికి తన మనుషుల్ని నడిపించుకెళ్ళాడు. ఒక్క పొద్దుటిపూటలోనే అంతా అయిపోయింది. ఓడిపోయాడు. ఇంగ్లీషువాళ్ళది పాత క్యాలెండరు, స్పెయిన్‌వాళ్ళది పది రోజులు ముందుండే కొత్తది. అందుకని ఆ యుద్ధం ఒకరి లెక్కలో క్రిస్మస్ ముందురోజు, ఇంకొకరి లెక్కలో కొత్త సంవత్సరం వచ్చాక జరిగింది. "మాకూ అంతే అంకుల్. నెలవంక కనిపించిందని ఒక మసీదు, లేదని ఇంకో మసీదు. ఊరికి రెండు రంజాన్ పండగలు," అన్నాను. ఆయనకది తెగ నచ్చింది.

ఆయన్ని కుదిపేసే కథ మాత్రం ఆ తరవాతది. ఆ నాయకుడు మరికొంత కాలం అడవుల్లో దాక్కుని, చివరికి రాణి ప్రతినిధి ముందు మోకరిల్లాడు. రాణికి విధేయుడినై ఉంటానన్నాడు. అప్పటికే రాణి చనిపోయింది. ఆ కబురు అందిన ప్రతినిధి బయటికి పొక్కనివ్వకుండా పని కానిచ్చుకున్నాడు. "ఇంకొన్ని రోజులు ఓపిక పట్టుంటే కొత్త రాజుతో బేరం వేరేలా ఉండేది," అన్నారు అంకుల్, నిన్నగాక మొన్న జరిగినట్టు. "సంగతి తెలిశాక వాడు నలుగురి ముందూ ఏడ్చేశాడు. ఎందుకేడుస్తున్నావంటే రాణి మీద ప్రేమతో అన్నాడు. ఒక్కడూ నమ్మలేదు."

చలికాలంలో అక్కడ ఐదింటికే పొద్దుగూకుతుంది. ఒక శనివారం మగ్రిబ్ నమాజు వేళ దాటిపోతోందని, ఆయన ముందుగదిలోనే చదువుకుంటానని అడిగాను. సరేనని టీ పెట్టడానికి లోపలికెళ్ళారు. నేను తిరగాల్సిన వైపు గోడకి, చనిపోయిన ఆయన భార్య ఫొటో ఉంది. ఎదురుగా మనిషి బొమ్మ ఉంటే నేను నమాజు చదవను. ఫొటోని గోడవైపు తిప్పి చదువుకున్నాను. మళ్ళీ ఇటు తిప్పడం మరిచిపోయి ఇంటికొచ్చేశాను.

మర్నాడు కంచె దగ్గర నిలబడి పిలిచారు. "మా ఆవిడ నీకేం అపకారం చేసింది?" అన్నారు. "అగౌరవం కాదంకుల్. మేం తల వంచేది ఒక్కడికే. ఆ కాసేపు ఇంకెవరి మొహమూ ఎదురుగా ఉండకూడదు, అంతే," అన్నాను. తరవాతి శనివారం నమాజు వేళకి తనే లేచి ఫొటో దగ్గరికెళ్ళి, "కాస్త అటు తిరుగు, అబ్బాయి ప్రార్థన చేసుకుంటాడు," అని ఆమెకి చెప్పి మరీ తిప్పారు.

ఆ ఏడు ఊరంతా ఒకటే మాట. ఆస్ట్రేలియాకి ఇంగ్లండ్ రాణే ఉండాలా, రిపబ్లిక్ కావాలా అని ఓటింగ్ పెట్టారు. అంకుల్‌కి ఓటు లేదు. ఓటు కావాలంటే పౌరసత్వం తీసుకోవాలి, దానికి ఒకప్పుడు రాణి పేరు మీద ప్రమాణం చెయ్యాల్సి వచ్చేది. ఆయన భార్య చేసింది. ప్రతి ఎన్నికకీ ఆమెని కార్లో తీసుకెళ్ళి, ఆమె ఓటేసి వచ్చేదాకా ఈయన బయట కూర్చునేవారట. తరవాత ప్రమాణంలోంచి రాణి పేరు తీసేశారు. కానీ ప్రమాణం చేయించే హాల్లో ఎదురుగా రాణి పటం ఉంటుంది. "దాన్ని చూస్తూ చెబితే ఆమెకి చెప్పినట్టే కదా," అనేవారు. జీవితంలో ఒక్కసారి రాణిని సాగనంపే ఓటు వేసే అవకాశం వచ్చింది, దానికి ముందు ఆ రాణి ఎదుటే నిలబడాలి. "తొందరపడి మోకరిల్లాడని వాణ్ణి పిల్లలకి పాఠం చెప్పినప్పుడల్లా తిట్టాను. ఇప్పుడు నా వంతు," అన్నారు.

నాకు చిరాకేసింది. మా తాతలూ ఆ సింహాసనం కిందే మగ్గారు. అయినా పాస్‌పోర్టు ఇస్తామంటే నేను ఏ పటం ముందైనా గడగడా చెప్పేసేవాణ్ణి. "మాట వరసకి చెప్పెయ్యండంకుల్, ఎవరు చూడొచ్చారు?" అన్నాను. "నేను చూస్తాను కదా," అన్నారు.

చివరికి దరఖాస్తు పెట్టారు. తోడు రమ్మంటే సెలవు పెట్టి వెళ్ళాను. వేదిక మీద రాణి పటం, కింద వరసగా నిలబడిన కొత్త పౌరులు. నాకు పక్కగోడ వెంబడి కుర్చీ దొరికింది. ప్రమాణం మొదలవగానే అందరూ ముందుకి చూస్తుంటే అంకుల్ ఒక్కరే నావైపు తిరిగారు. నన్నే చూస్తూ, ఆస్ట్రేలియాకీ ఇక్కడి ప్రజలకీ విధేయుడినై ఉంటానని ఒక్కో మాటా గట్టిగా పలికారు. బయటికొచ్చాక, కొత్త పౌరులందరికీ ఇచ్చే మొక్కని చంకలో పెట్టుకుని, "ఆమెని గోడవైపు తిప్పనివ్వరుగా. అందుకని నేనే తిరిగాను," అన్నారు. పడీపడీ నవ్వాను. ఆయన్ని చూస్తే గర్వంగా కూడా అనిపించింది.

ఓటింగ్ రోజున టై కట్టుకుని బయల్దేరారు. ఈసారి కార్లో కూర్చుని ఎదురుచూసింది నేను.

రిపబ్లిక్ ఓడిపోయింది.

మర్నాడు పొద్దున మా ఆవిడ చేసిన సేమ్యా పట్టుకుని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ముందుగదిలో భార్య ఫొటో గోడవైపు తిరిగి ఉంది. అది నమాజు వేళ కాదు. కుర్చీలో అంకుల్, కళ్ళు వాచిపోయి, గడ్డం దాకా తడి. ఆ తడి ఆమె కంట పడకూడదనే ఫొటో తిప్పారని అర్థమైంది. "ఎందుకంకుల్ ఇదంతా?" అన్నాను.

ముక్కు తుడుచుకుని నావైపు చూశారు.

"రాణి మీద ప్రేమయ్యా," అన్నారు.

నమ్మినట్టే తలూపాను.