పడుగు మీద రెండో చీర

సిరిసిల్లలో అనసూర్య తండ్రి మగ్గానికెక్కించిన ఒకే పడుగు మీద, అవే నిలువు దారాలతో, అచ్చం ఒకేలా ఉండే జోడు చీరలు నేసేవాడు. ఆఖరి జోడులో మొదటిది, ఢిల్లీలో ఒక విదేశీ దౌత్యవేత్త ఇంట్లో వంటపనికి వెళ్తున్న అనసూర్యకిచ్చాడు. రెండోది సగంలో ఉండగానే కన్నుమూశాడు. కబురు విని అనసూర్య సెలవడిగితే, ఆ దొర ఆమెను కట్టుబట్టలతో గేటు బయటికి గెంటించాడు. పెట్టె, అందులోని చీర లోపలే ఉండిపోయాయి.

తన పెట్టె ఇప్పించమని ఆమె దావా వేసింది. 1986లో ఢిల్లీ కోర్టు తిప్పి పంపిన ఆ దావా కాగితాన్ని కరీంనగర్ వకీలు విద్యాసాగర్‌రావు రెండుసార్లు చదివాడు.

"గాయిన వేరే దేశపు సర్కారు మనిషి అనసూర్యా. ఆయిన మీద మన కోర్టుల కేసు నడవదు. పోలీసోళ్లు గా గడప తొక్కరాదు."

"గాయిన్ని ఇడిసిపెట్టుండ్రి సారూ. మా బాపు నేసిన చీర గూడ వేరే దేశపుదైందా?"

వకీలు కాగితం మడిచాడు.

ఆమె ఇంటికొచ్చేసరికి తమ్ముడు రామచంద్రం కత్తెర పట్టుకుని మగ్గం దగ్గర నిలబడి ఉన్నాడు.

"పవర్‌లూమ్‌కు జాగ గావాలె అక్కా. సగం చీర ఎవలు గడ్తరు? కోసేస్త."

అనసూర్య కత్తెర లాక్కుంది. మగ్గం గుంటలోకి దిగి, బాపు కూర్చున్న చోటే కూర్చుని, నేత ఆగిపోయిన చోటును వేలితో తడిమింది.

"ఢిల్లీల చీర ఇగ రాదురా. గిది నేస్తెనన్న దాని మొఖం జూస్త."