మూడు రోజుల ఫ్రీ డెమోలో ప్రపంచమంతా

ఒకే మధ్యాహ్నం నన్ను మొదట మేధావి అన్నారు, తర్వాత మోసగాడన్నారు, చివరికి శుద్ధ మొద్దు అని తేల్చారు. తేల్చింది పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాలు నిండా కూర్చున్న జనం. ఆ మూడో సంగతి తేలడానికి నేను కూడా నా శక్తి కొద్దీ సాయం చేశాను. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, చివరికొచ్చేసరికి నా మీద జాలేసి నవ్వలేకపోతారేమో. ఆ భయమేం అక్కర్లేదని మా ఆవిడ పక్కనుంచి అంటోంది.

అప్పుడు నేను పదో తరగతి. మా ఇల్లు అమీర్‌పేటలో. ఊరంతటికీ ఐటీ జ్వరం పట్టుకున్న రోజులవి. మా గేటు దగ్గర్నుంచి బస్టాపు దాకా ఎక్కడా గోడ కనిపించేది కాదు, అన్నీ కోచింగ్ బ్యానర్లే. పాలు పోసే ఆయన కూడా చెంబులోకి వంపుతూ, "అబ్బాయికి జావా నేర్పిస్తున్నారామ్మా?" అని అమ్మని అడిగేవాడు. అలాంటి చోట సోషల్ స్టడీస్‌ని పట్టించుకునే నాథుడెవరు?

మా ప్రిన్సిపాల్ గారు అసలే పట్టించుకోలేదు. వారానికున్న ఐదు సోషల్ పీరియడ్లలో మూడు తీసి కంప్యూటర్ ల్యాబుకి ఇచ్చేస్తానన్నారు. మిగిలిన రెండూ తెలుగు మాస్టారు చెప్పేస్తారు, ఇక సోషల్‌కి వేరే టీచర్ ఎందుకన్నారు. అంటే మా సువార్త టీచర్ ఉద్యోగానికే ఎసరన్నమాట. ఆవిడ ఊరుకోలేదు. హైస్కూళ్లకి అంతర్జాతీయ వ్యవహారాల మీద క్విజ్ పోటీ ఉందని తెలుసుకుని, ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్లి, "మా పిల్లలు కప్పు తెస్తే సోషల్ జోలికి రానని మాటివ్వండి సార్" అని పందెం కాసి వచ్చారు.

తెలివైనవాళ్లందరూ అప్పటికే ల్యాబుకి పేర్లిచ్చేశారు. మిగిలింది నేనూ, బోరబండ నుంచి వచ్చే శంకరూ. టీచర్ మా ఇద్దర్నీ నిలబెట్టి చూసి, చిన్నగా ప్రార్థన చేసుకున్నారు.

"రోజూ సాయంత్రం గంటసేపు ఉండండి నాన్నా. పేపరు చదివిస్తాను, మ్యాపు చూపిస్తాను."

ఇదిగో, ఇక్కడ నోరు మూసుకుని సరేనని ఉంటే ఈ కథే లేదు. నేను టీమ్ కెప్టెన్ని కదా! చొక్కా కాలరు సర్దుకుని, "మీకెందుకు టీచర్ శ్రమ? మేం ఉండేది అమీర్‌పేటలో. ప్రపంచంలో ఏ సబ్జెక్టైనా మా వీధిలోనే చెప్తారు" అన్నాను.

నా ధైర్యానికి ఒక కారణం ఉంది. సర్కారు ఉద్యోగాల కోచింగ్ సెంటర్లు మా వీధికి నాలుగున్నాయి. ప్రతిదాంట్లోనూ మొదటి మూడు రోజులు డెమో క్లాసులు ఫ్రీ. నచ్చితే నాలుగో రోజు ఫీజు కట్టి కూర్చోవాలి.

"నాలుగో దినం మనం ఇంకో దాంట్లకు పోతం. ఆడ సుత మూడు దినాలు ఫ్రీ!" అన్నాడు శంకర్.

"ఒరేయ్, అక్కడికొచ్చేదంతా డిగ్రీ అయినవాళ్లు. మనల్ని రానిస్తారా?"

"జర ఆగు. కృష్ణానగర్ల మా బాబాయ్ ఉన్నడు కదా, సినిమాలల్ల పోలీసు ఏషాలేస్తడు. ఆయన మీసం తెస్త."

తెచ్చాడు. నాన్న ఆఫీసు చొక్కా వేసుకుని ఆ మీసం అంటించుకుంటే, అద్దంలో నాకే నేను సెల్యూట్ కొట్టాలనిపించింది. శంకర్‌కి సొంత మీసం మొలుస్తోంది, వాడికి అద్దె సరుకు అవసరం లేకపోయింది.

మొదటి సెంటర్లో బల్లలన్నీ నిండిపోయి గోడలకానుకుని నిలబడ్డారు జనం. కళ్లద్దాల సార్ ఒకాయన వచ్చి ఒక్కొక్కర్నీ పరిచయం చేసుకోమన్నారు. నా వంతు వచ్చింది.

"బీకాం సార్! గుంటూరు సార్!" అన్నాను.

అక్కడితో ఆగొచ్చుగా? ఆగలేదు. మీసం ఇచ్చిన ఊపు అలాంటిది. "రెండుసార్లు పరీక్ష పోయింది సార్. అయినా పట్టు వదల్లేదు సార్" అని కూడా అన్నాను.

ఆయన కరిగిపోయారు. నా భుజం మీద చెయ్యి వేసి క్లాసు వైపు తిరిగి, "చూడండి. మనిషంటే ఇలా ఉండాలి. ఈ గుంటూరు కుర్రాణ్ణి చూసి నేర్చుకోండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నిజంగానే రెండుసార్లు ఫెయిలైనంత గర్వపడ్డాను.

ఆ మూడు రోజులూ ఆయన ఐక్యరాజ్య సమితి గురించి చెప్పారు. ఎప్పుడు పుట్టింది, ఆఫీసు ఎక్కడ, భద్రతా మండలిలో ఎవరెవరు, వీటో అంటే ఏమిటి, అన్నీ పూసగుచ్చినట్టు. నాలుగో రోజు మేం పక్క సెంటర్‌కి వెళ్లాం. అక్కడి సారూ ఐక్యరాజ్య సమితితోనే మొదలుపెట్టారు, మూడో రోజుకి వీటో దగ్గర ఆపారు. దాని తర్వాతదీ అంతే, ఆ తర్వాతదీ అంతే. అన్ని సెంటర్లలోనూ అదే మొదటి పాఠం. అసలు ప్రపంచం నాలుగో రోజు మొదలవుతుంది, అది ఫీజు కట్టినవాళ్లకి.

బుర్రున్నవాడెవడైనా అది గ్రహిస్తాడు. నేను మాత్రం శంకర్‌తో, "ఇందరు సార్లు ఇదే చెప్తున్నారంటే అంతర్జాతీయ వ్యవహారాలంటే మొత్తం ఇంతేరా. మనకి సిలబస్ అయిపోయింది" అన్నాను.

"గింతేనా? మస్తు ఈజీగుంది!" అని వాడు మీసాన్ని బాబాయ్‌కి తిరిగిచ్చేసి వచ్చాడు.

క్విజ్ రోజు పంజాగుట్ట హాల్లో ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. ఆయన పక్కన సువార్త టీచర్, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచీరలో, చేతిరుమాలు నలుపుతూ. ఆవిడ్ని చూసి నాకు కాస్త భయమేసింది. అంతలో క్విజ్ మాస్టర్ వేదికెక్కి మైకు తీసుకున్నారు. చూద్దును కదా, సాక్షాత్తూ ఆ కళ్లద్దాల సారే!

"ఒరేయ్ శంకరూ, ఆయనేరా!"

"ఫికర్ చేయకు. గప్పుడు నీకు మీసముండె. గుర్తుపట్టడు."

ఆయన మా బల్ల వైపు చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. మళ్లీ చూశారు. "నిన్నెక్కడో చూశానయ్యా" అని గొణిగి ప్రశ్నల్లో పడ్డారు.

ఇక నా అదృష్టం చూడండి. మొదటి రౌండు మొత్తం ఐక్యరాజ్య సమితి! ఆయన ప్రశ్న పూర్తిచేసే లోపే నేను గంట కొట్టేస్తున్నాను. ప్రధాన కార్యాలయం? న్యూయార్క్! శాశ్వత సభ్య దేశాలు? ఐదు! వాటి పేర్లు? ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. పక్క స్కూలు పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. "ఎవరా కుర్రాడు? మేధావిలా ఉన్నాడే" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ప్రిన్సిపాల్ గారు కాలు మీద కాలు తీసేశారు. టీచర్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వీటో అంటే ఏమిటి?" అడిగారు సార్.

మామూలుగా చెప్తే పోయేదా? పోయేది. కానీ చప్పట్లు తలకెక్కాయి. లేచి నిలబడి చేతులూపుతూ, "ఇంట్లో అందరూ సినిమాకి తయారై గుమ్మం దాకా వస్తారు సార్. మా ఆవిడ మాత్రం తలనొప్పి అంటుంది. అంతే, అందరూ చెప్పులు విప్పేస్తారు. అదే వీటో సార్!" అన్నాను.

హాలంతా గొల్లుమంది. పదో తరగతి కుర్రాడికి ఆవిడేమిటని కొందరు ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వనిది ఒక్క సారే. ఆయన మైకు నెమ్మదిగా బల్ల మీద పెట్టారు.

"ఆ జోకు నాది" అన్నారు.



"మా ఆవిడ తలనొప్పి అది. నా క్లాసులో తప్ప ఎక్కడా చెప్పను." దగ్గరికొచ్చి నా మూతి మీద వేలు అడ్డంగా పెట్టి చూశారు. "బీకాం! గుంటూరు! రెండుసార్లు పరీక్ష పోయినవాడివి కదూ నువ్వు?"

ఇంకేముంది, హాలు హాలంతా లేచింది. పక్క స్కూలు మాస్టారు కుర్చీ ఎక్కి, "ఏం సార్, డిగ్రీ అయినోణ్ని తెచ్చి పదో తరగతి పిల్లల మీదికి తోలుతరా? గిదేం అన్యాయం!" అని అరుస్తున్నారు. ప్రిన్సిపాల్ గారి ముఖం కందగడ్డ అయింది.

శంకర్ అడ్డం పడ్డాడు. "గీడు డిగ్రీ ఏంది సార్! మొన్న యూనిట్ టెస్టుల గీనికి సోషల్ల పదకొండొచ్చినయ్!"

"మరి ఆ మీసం?" అన్నారు సార్ నావైపు చూసి.

"అది వీళ్ల బాబాయ్‌ది సార్. తిరిగిచ్చేశాం" అన్నాను. నిజమే చెప్పాను, అయినా ఎవరూ నమ్మలేదు.

అప్పుడు సువార్త టీచర్ లేచారు. మెల్లగా వేదిక దగ్గరికొచ్చి, "సార్, గొడవెందుకు? ఐక్యరాజ్య సమితి వదిలేసి ఇంకేదైనా అడగండి. వీడు డిగ్రీ చదివాడో లేదో మీకే తెలుస్తుంది" అన్నారు. ఆవిడ అయినదానికీ కానిదానికీ ప్రార్థన చేస్తారు. ఆ క్షణంలో మాత్రం చెయ్యలేదు. ఫలితం మీద అంత నమ్మకం.

"సూయజ్ కాలువ ఏ దేశంలో ఉంది?" అడిగారు సార్.

నేను బాగా ఆలోచించాను. "భద్రతా మండలిలో సార్."

"యూరప్ దేశాలు కలిసి తెచ్చుకున్న కరెన్సీ ఏది?"

"వీటో సార్."

"గల్ఫ్ దేశాలు ప్రపంచానికి ప్రధానంగా ఏం ఎగుమతి చేస్తాయి?"

"శాంతి సార్!"

ఒట్టేసి చెప్తున్నాను, కావాలని తప్పు చెప్పలేదు. తెలివిగా తప్పించుకున్నానని కొందరు బంధువులు ఇప్పటికీ అనుకుంటారు. పాపం, నేను ప్రతిదానికీ సరైన జవాబే అనుకుని చెప్పాను. శంకర్ తల బల్లకేసి కొట్టుకుంటూ, "పెట్రోల్ రా! మా మామ దుబాయ్‌ల గదే పనిల ఉన్నడురా!" అంటున్నాడు.

కుర్చీ ఎక్కిన మాస్టారు నెమ్మదిగా దిగారు. "డిగ్రీ కాదు సార్. పదో తరగతి అంటే సుత నాకు డౌటే" అన్నారు. క్విజ్ మాస్టర్ నా వీపు తట్టి, "ఈ అబ్బాయి నిర్దోషి" అని మైకులో ప్రకటించారు. అంత పెద్ద చప్పట్లు ఆ రోజు కప్పు గెలిచినవాళ్లకి కూడా పడలేదు. మేం ఆఖరి స్థానంలో వచ్చాం.

బయటికొచ్చాక టీచర్ ముఖం చూడలేకపోయాను. ఏడుపొచ్చేసింది. "మీ ఉద్యోగం పోగొట్టాను టీచర్" అన్నాను. ఆవిడ నలిగిన చేతిరుమాలు నా చేతిలో పెట్టారు.

మర్నాడు ప్రార్థన అయ్యాక ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకున్నారు.

"నిన్న పంజాగుట్టలో మూడు ప్రశ్నలకి నా పరువు మొత్తం పోయింది. మన పిల్లల సోషల్ ఇంత ఘోరంగా ఉందని నాకు తెలీదు. ఇవాళ్టి నుంచి సోషల్ రోజుకి రెండు పీరియడ్లు. ఆదివారం స్పెషల్ క్లాసు. కంప్యూటర్ ల్యాబుకి తాళం. సువార్త గారూ, మీకు సాయంగా ఇంకో టీచర్ని కూడా తీసుకుంటున్నాను."

స్కూలు స్కూలంతా నావైపు తిరిగి చూసిన ఆ చూపు నేనింకా మర్చిపోలేదు. టీచర్ నా పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి, "కప్పు తెచ్చినా ఇంత మేలు జరిగేది కాదు నాన్నా" అన్నారు. క్లాసులోకి వెళ్లాక పుస్తకం తెరిచి, "ఐక్యరాజ్య సమితి పాఠం వదిలేద్దాం. అది మన బీకాం చెప్తాడు" అన్నారు. ఆ రోజునుంచి నా పేరు బీకాం. తర్వాత నిజంగానే బీకాం చదివి పాసయ్యాను. ఆ ఒక్కటీ ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

కాబట్టి కుడిచెయ్యి ముందుకు చాచి, సువార్త టీచర్ చేతిరుమాలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ క్లాసుకి వెళ్లినా ఫీజు కట్టి నాలుగో రోజు కూడా కూర్చుంటాను. పరాయి మీసం మూతికి తాకనివ్వను. ఎవరి జోకైనా చెప్పేముందు, దాని సొంతదారు మైకు పట్టుకుని ఎదురుగా నిలబడలేదని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. ఈ ప్రమాణాన్ని మా ఇంటిల్లిపాదీ ముక్తకంఠంతో ఆమోదించేవాళ్లే. మా ఆవిడకే, ఇప్పుడు తలనొప్పిగా ఉందట.