సత్తయ్యకు వెళ్లిన ఓటీపీ

సత్తయ్యను పాలమూరు తీసుకెళ్లి మట్టి చేసినప్పుడు, హనుమాయమ్మ మొగుడికి ఇష్టమైనవన్నీ గోతిలో పెట్టింది. బీడీల కట్ట, అగ్గిపెట్టె, సగం తాగిన సీసా, ఫోను. పక్కింట్లో ఫోనుకు చార్జింగు నిండా పెట్టించి మరీ పెట్టింది. చార్జరు మాత్రం ఇవ్వలేదు. అది కొత్తది.

ఆర్నెల్లయింది. గురుగ్రామ్‌లో సత్తయ్య పరంజా మీద నుంచి పడిన చోట ఇప్పుడు కార్ల పార్కింగు లేస్తోంది. హనుమాయమ్మ అటుగానే ఇసుక తట్టలు మోస్తోంది. మెట్టెక్కినప్పుడల్లా మోకాలు టక్కుమంటుంది.

"అవ్వా, లిఫ్టొచ్చింది" అంటుంది మనవరాలు శ్రీవల్లి. ఎనిమిదిలో బడి మానేసి పార పట్టిన పిల్ల.

కూలీల సంక్షేమ బోర్డులో సత్తయ్య పేరుంది. మనిషి పోతే భార్యకు సర్కారు సాయం వస్తుంది. అది వస్తే తట్ట దించేసి, లేబర్ క్యాంపు గేటు దగ్గర మిర్చి బజ్జీల బండి పెట్టాలని ముసలిదాని ఆశ. బండికి ఆకుపచ్చ రంగని కూడా అనుకుంది. ఊరి నుంచి మరణ పత్రం ఆలస్యంగా వచ్చింది. దరఖాస్తుకు ఇదే ఆఖరి రోజు.

సేవా కేంద్రంలో కంప్యూటరు ముందున్న రాజీవ్ అన్నీ నింపాడు.

"సత్తయ్య బోర్డు కార్డులో ఉన్న నంబరుకు ఓటీపీ పోయింది. చెప్పండి, అమ్మాజీ."

హనుమాయమ్మ మనవరాలి వైపు చూసింది. శ్రీవల్లి ఊరుకుంటుందా!

"తాతకు పోయిందట. పొయ్యి అడిగిరాపో."

"నోర్ముయ్యే పోరీ! పాటలినేటోడని పెట్టిన. గిట్లయితదని నాకేమెర్క?"

"చార్జరియ్యకపోతివి. ఇంక చార్జింగేడుంటదే?"

ఎకసెక్కం చేసిందే గాని, పిల్ల తన ఫోను తీసింది. ఏ మూలనో ఆశతో తాత నంబరు నొక్కింది.

రింగయింది.

హనుమాయమ్మ బల్ల పట్టుకుంది.

"హలో, కౌన్?" ఎవరిదో మగ గొంతు. ఆ నంబరు కంపెనీ మళ్లీ అమ్మితే తను కొని నెలయిందట. శ్రీవల్లి తనకొచ్చిన హిందీ అంతా పోసి బతిమాలింది. తాత చచ్చిపోయాడు భయ్యా, ఇప్పుడే వచ్చిన ఆ అంకెలు చెప్పు, చాలు.

"అచ్ఛా? మొన్న ఒకడికి అత్త చచ్చిపోయింది. ఇప్పుడు నీకు తాతా? పోలీసులకు పట్టిస్తా" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే కలవలేదు.

"నంబరు మార్చాలంటే బోర్డులో అర్జీ ఇవ్వాలి. ఇరవై రోజులు పడుతుంది" అన్నాడు రాజీవ్, తల వంచుకుని. గడువేమో సాయంత్రానికే.

తిరిగొస్తూ హనుమాయమ్మ క్యాంపు గేటు పక్కన, బండి కోసం చూసుకున్న ఖాళీ జాగాలో కాసేపు ఆగింది.

"ఆ ఫోన్ల పిలగాని తప్పేముందే? మనమైతే చెప్తుమా?"

మధ్యాహ్నం పని మొదలైంది. హనుమాయమ్మ చుట్టబట్ట నెత్తిన సర్దుకుంది. శ్రీవల్లి తట్టలో ఇసుక సగమే పోసి ఆపింది.

ముసలిది తట్టలోకి చూసింది.

"నింపు" అంది.