అతుకుపని

ఢిల్లీలో ఏ వస్తువైనా కొనుక్కోవడం తేలికే. అమ్మడానికి బయల్దేరితేనే తల ప్రాణం తోకకొస్తుంది. ఒకే ఒక్క టేబుల్ క్లాత్ అమ్మడానికి నేను రెండేళ్ళుగా తిరుగుతున్నాను.

అది మా అమ్మ అల్లింది. మాది నరసాపురం పక్కన చిన్న ఊరు. మా చర్చి వీధిలో లేసు అల్లడం రాని ఆడపిల్ల ఉండేది కాదు. అమ్మ కూడా బడికి వెళ్ళే వయసులోనే లేసు సూది పట్టింది. కానీ అక్కడ ఏ ఒక్కరూ మొత్తం గుడ్డ అల్లరు. కొందరు పువ్వులు అల్లుతారు, ఇంకొందరు ఆ పువ్వుల్ని ఒకదానికొకటి అతుకుతారు. అమ్మ పువ్వులు లేసు కొనుక్కెళ్ళే ఏజెంటు సంచిలో పడి వెళ్ళిపోయేవి. అవి ఎవరి చేతిలో గుడ్డగా మారాయో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకున్నాయో అమ్మకి తెలియదు. ఒకసారి అతుకుపని కూడా ఇమ్మని అడిగితే ఏజెంటు భార్య నవ్విందట. "నీ చెయ్యి వదులమ్మా, నువ్వు అతికితే నిలవదు, పువ్వులు చేసుకో" అందట. ఈ సంగతి అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో! చెప్పిన ప్రతిసారీ ఆ మాట నిన్ననే పడినట్టు ముఖం ఎర్రబడేది.

నాన్న పోయాక అమ్మ ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో మా ఇంటికి వచ్చేసింది. నేను ఒక ఆసుపత్రిలో నర్సుని. నేను డ్యూటీకి వెళ్తే అమ్మతో మాట్లాడే దిక్కు ఉండేది కాదు. కాలక్షేపానికని నూలు ఉండలు తెచ్చిచ్చాను. చలికాలమంతా పువ్వులు అల్లింది. ఎండలు ముదిరేసరికి వాటిని అతకడం మొదలుపెట్టింది. తప్పు పడితే అప్పుడే విప్పి మళ్ళీ వేసుకుని, సరిగ్గా వచ్చాకే ముడి బిగించేది. పూర్తయ్యాక మంచం మీద పరిచి, చుట్టూ తిరిగి చూసుకుంది.

"ఎవరైనా దీన్ని కొనుక్కుని వాళ్ళ బల్ల మీద ఏసుకుంటే చూడాలే, ఒక్కసారి" అంది.

"నేను కొంటాలే."

"నువ్వు కొంటే అది అమ్మినట్టా?" అని కసిరింది.

అలా మొదలైంది నా తిరుగుడు.

ముందు ఇక్కడి మా చర్చినే అడిగాను. తెలుగు ఆరాధన అయ్యాక వరండాలో ఓ బల్ల ఇచ్చారు. అందరూ వచ్చారు, గుడ్డని ప్రేమగా తడిమారు, "మా పిన్ని కూడా అల్లేదండి" అన్నారు. పక్క బల్ల మీది రొయ్యల పచ్చడి కొనుక్కుని వెళ్ళిపోయారు. గోదావరి వాళ్ళకి లేసు అమ్మబోవడం నా తెలివితక్కువ.

తర్వాత ఇందిరాపురంలో ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీలో దీపావళి మేళా. సంబరంగా ఒక అట్ట మీద హిందీలో "చేతి లేస్" అని పెద్దగా రాసి పెట్టాను. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "లేస్ మీటర్ కిత్నా, దీదీ?" ఇక్కడ లేసంటే దుపట్టాలకి కుట్టే మిషను అంచు. మీటర్ల లెక్కన కోసిస్తారు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ నాకు ఆ ముక్క తట్టలేదు. ఒకావిడైతే మా గుడ్డ అంచు పట్టుకుని, బెత్తెడు వెడల్పున కోసివ్వమంది.

"ఏమంటందే?" అంది అమ్మ. ఆవిడకి హిందీ రాదు, బతికిపోయాను.

"బాగుందంటోంది."

సాయంత్రం దాకా అమ్మకి అదే మాట చెప్తూ కూర్చున్నాను. చివరికి పక్కన కొవ్వొత్తులు అమ్ముకుంటున్న ఆవిడకి నా మీద జాలి కలిగింది. "దీదీ, ఇసే హమ్ క్రోషియా బోల్తే హైఁ. క్రోషియా లిఖో" అంది. ఇక్కడ దీన్ని క్రోషియా అంటారట.

క్రోషియా అని రాసుకుని ఇంకో మేళాకి వెళ్ళాం. ఈసారి జనం నిజంగానే ఆగారు. ఆగి, "అరే, మేరీ నానీ బనాతీ థీ!" అని మురిసిపోయారు. ఆ నానీలు, అంటే వాళ్ళ అమ్మమ్మలు, అల్లినవి అందరి ఇళ్ళల్లోనూ ట్రంకు పెట్టెల్లో మూలుగుతున్నాయట. ఇంక కొనేదెవరు? మనవాళ్ళకి పిన్నులు, వీళ్ళకి నానీలు. అల్లిక తెలియని ముసలమ్మలున్న ఊరేదైనా ఉంటే అక్కడికి వెళ్ళి అమ్ముకోవాలి.

ఆ తర్వాత సౌత్ ఢిల్లీలో ఒక బొటీక్ వాళ్ళు ఉంచి వెళ్ళమన్నారు. కొన్నాళ్ళాగి వెళ్ళి చూస్తే, దాన్ని ఓ బల్ల మీద పరిచి, పైన రాగి చెంబులు పేర్చి అవి అమ్ముతున్నారు. "డిస్‌ప్లేలోనే ఉంది మ్యామ్" అంది అక్కడి అమ్మాయి. ఒక లెక్కన అమ్మ కోరిక తీరినట్టే. మరకలు పడ్డ గుడ్డని మడిచి తెచ్చుకుని, మెట్రోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. డ్యూటీ చేసిన కాళ్ళు పీకుతున్నాయి. ఆ గుడ్డ మీద కోపం వచ్చింది. ఎక్కడైనా మర్చిపోయినట్టు వదిలేసి వద్దామా అనిపించింది. ఇంటికెళ్ళి ఉతికి ఇస్త్రీ చేశాను.

మా పై అంతస్తులో పీజీ హాస్టల్ ఉంది. అందులో ఉండి సీఏ చదివే ఒక అమ్మాయి అమ్మని నానీ అని పిలుస్తుంది. తనే గుడ్డకి ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. మొత్తం గుడ్డ ఫోటోని ఎవరూ పట్టించుకోలేదు. దగ్గరగా తీసిన ఒక్క పువ్వు ఫోటోకి మాత్రం ఆర్డరు వచ్చింది. ఎవరిదో పెళ్ళట, పెళ్ళికూతురి స్నేహితురాళ్ళందరికీ అలాంటి పువ్వులతో చెవి జుంకాలు కావాలట, అదీ వారంలోగా. ఆ పిల్ల పరుగున వచ్చి చెప్పింది. గుడ్డలోంచే పువ్వులు విడదీసి ఇచ్చేస్తే పని తేలికని కూడా అంది, ఎంతో సంతోషంగా.

"ఏమంటందే?" అంది అమ్మ.

ఈసారి నాకు అబద్ధం తట్టలేదు. "పువ్వులు కావాలంటమ్మా. విడివిడిగా. దీన్ని విప్పి ఇమ్మంటోంది."

అమ్మ "మళ్ళీ పువ్వులేనా" అంది. నాకు ఏడుపొచ్చింది. వద్దని చెప్పేస్తానన్నాను. "ఉత్తినే పడుండే కంటే ఎవరో ఒకరు పెట్టుకుంటారు కదే" అని, అమ్మే గుడ్డ తీసుకుని బాల్కనీ గుమ్మంలో వెలుతురుకి కూర్చుంది. చూడలేక వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను.

"అమ్మాయ్, ఇలా రా" అని కేకేసింది.

వెళ్ళాను. సూది మొన ఒక అతుకులో దూర్చి లాగుతోంది.

"ఊడట్లేదే" అంది.

"కత్తెర తేనా?"

"కత్తెరెందుకే! లాగి చూడు నువ్వు."

లాగాను. రాలేదు. ఇంకో అతుకు చూశాను. పువ్వు సాగుతోంది గానీ అతుకు కదల్లేదు. అమ్మ నా చేతుల వంకే చూస్తోంది.

"చెయ్యి వదులంట" అంది. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, కొత్త నూలు తెమ్మంది. పెళ్ళివాళ్ళకి పువ్వులు వేరే అల్లి ఇచ్చింది.

ఆ గుడ్డ ఇంకా అమ్ముడుపోలేదు. మేళాలు వస్తూనే ఉన్నాయి, సెలవు దొరికితే సంచి మోసుకుని వెళ్తూనే ఉన్నాం. ఎవరైనా ఆగి నానీ సంగతి ఎత్తగానే, అమ్మ గుడ్డని వాళ్ళ చేతుల్లో పెట్టి, తెలుగులోనే, లాగి చూడమంటుంది.