నాలుగో గొంతు

ఈ ఉదయం ప్లేనోలో మా ఇంట్లో దోసెలు పోస్తూ, హాల్లో స్పీకర్‌లో ఆ పాత రెగే ఆల్బమ్ పెట్టమన్నాను మా అమ్మాయిని. నా చిన్నప్పుడు జెర్సీ సిటీలో మా పక్కింటి జమైకా అంకుల్ ఇల్లు ఖాళీ చేస్తూ నాన్నకిచ్చిన రికార్డు అది. జమైకాలో డాన్స్‌హాల్ అనే కొత్త రకం పాటల హోరు మొదలైన రోజుల్లో వచ్చి ఎవరికీ పట్టకుండా పోయిందట. అట్ట మీద ముగ్గురు గాయకులు, ఎండకి కళ్లు చికిలించుకుని నిలబడి ఉంటారు.

శనివారాలు నాన్న ఆ రికార్డు పెట్టి వంటింట్లోకి వెళ్లేవాడు. నేను హాల్లో కార్పెట్ మీద పడుకుని, మినప్పిండి కాలే వాసనలో వినేదాన్ని. నాకు నాలుగు గొంతులు వినిపించేవి. అన్నిటికీ అడుగున మాటల్లేకుండా సాగే నాలుగోదే నాకిష్టం. మరి అట్ట మీద ముగ్గురే ఎందుకున్నారు? నాలుగో ఆయన ఫోటో తీస్తున్నాడని తేల్చుకున్నాను.

ఇవాళ స్పీకర్‌లో మూడు గొంతులే వచ్చాయి. నాలుగోది ఆ రోజుల్లో నాన్న ఉన్న వంటింట్లోంచి వచ్చేదని ఇప్పుడు తెలిసింది. నవ్వుకుంటూ ఆ వరస నేనందుకున్నాను.

“అమ్మా, నాకు ఫోర్ వాయిసెస్ వినిపిస్తుంది. పిక్చర్‌లో త్రీ పీపులే ఉన్నారు!” హాల్లోంచి అరిచింది మా అమ్మాయి.

“ఫోర్త్ ఆయన ఫోటో తీస్తున్నాడు,” అన్నాను, దోసె తిరగేస్తూ.