రాహుకాలం పోయాక ఎక్కమన్న బస్సు

మా ఆయన అన్నగారు, మా బావగారంటే నాకు ఒళ్ళు మంట. ఇప్పుడాయన రేపల్లె నుంచి తెనాలిలో మా ఇంటికొస్తే మంచినీళ్ళిస్తాను, అంతే. కూర్చోమనను.

మా అమ్మాయి ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతుండగా యుద్ధం మొదలైంది. హాస్టల్ కింద సెల్లార్‌లో తలదాచుకుంది. వారం తర్వాత ఒక శుక్రవారం పొద్దున్న ఫోన్ చేసింది. మన పిల్లల్ని బోర్డర్ దాటించడానికి బస్సొచ్చిందని, మన టైము పదకొండింటికి బయలుదేరుతుందని చెప్పింది. వారం రోజుల తర్వాత దాని గొంతులో జీవం విన్నాను.

ఆ వారమంతా బావగారి మకాం మా ఇంట్లోనే. టీవీ ముందు కాలు మీద కాలేసుకుని, ఏ ట్యాంకు ఎటు పోతోందో మాకు పాఠం చెప్పేవారు. బస్సు మాట వినగానే గోడకున్న క్యాలెండర్ దగ్గరికెళ్ళారు.

"పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. అది పోయాక ఎక్కమనమ్మా."

"అందాకా బస్సు ఆగుతుందా బావగారూ?"

"ఒక్క బస్సేనా ఏంటి? వెనకాల ఇంకోటి రాదా?"

మా పెళ్ళికి, గృహప్రవేశానికి, ఆ పిల్ల విమానమెక్కడానికి కూడా గడియ చూసింది ఆయనే. మా ఆయన అన్నగారి వైపే చూశాడు. రాహుకాలమంటే మా అమ్మాయి నవ్వి బస్సెక్కేస్తుందని నాకు తెలుసు. అందుకే ఫోన్ చేసి, "కాసేపాగవే, వెనకాల ఇంకో బస్సొస్తుందంట, అందులో ఖాళీగా రావచ్చు" అన్నాను. నా నోరు పడిపోను!

అది నమ్మింది. ఇంకో బస్సు రాలేదు. మధ్యాహ్నానికి ఆ రోడ్డు మూసేశారు.

మర్నాడు దాని రూమ్మేట్ వాళ్ళమ్మ బాపట్ల నుంచి ఫోన్ చేసింది. "అక్కా, మా పిల్ల బోర్డర్ దాటిందండి. మీ పాప కూడా దాటినట్టేగా?" నేను ఫోన్ పెట్టేశాను.

ఇంకో పదకొండు రోజులు అది ఆ సెల్లార్‌లోనే ఉంది. మంచు కరిగించుకుని తాగింది. చివరికి కొంతమందితో కలిసి రైలు స్టేషన్ దాకా నడిచి బయటపడింది. మంచుకి ఎడమకాలి రెండు వేళ్ళు చచ్చుబడ్డాయి.

ఇంటికొచ్చిన పిల్లను చూడ్డానికి జనం వస్తే బావగారేమన్నారో తెలుసా? "నేను గడియ చూసి ఆపబట్టే ప్రాణాలతో వచ్చిందండి!" ఛీ, ఏం మనిషి! అందరి ముందే అడిగాను.

"రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి కదా బావగారూ. మనకు పదకొండైతే వాళ్ళకు ఏడున్నర. వాళ్ళ రాహుకాలానికి ఇంకా మూడు గంటలుంది. ఎవరి రాహుకాలానికి ఆపారు నా పిల్లని?"

ఆయన తాపీగా కాఫీ ముగించారు. "నేను రాహుకాలం అన్నానమ్మా. ఇంకో బస్సుందని పిల్లకు చెప్పింది నువ్వేగా" అన్నారు.

గదిలో ఉన్న పిల్ల అంతా వింది. బయటికి రాలేదు.

ఇప్పుడది బాపట్లలో ఆసుపత్రిలో పనిచేస్తోంది. పెదనాన్నతో మామూలుగానే మాట్లాడుతుంది. తెనాలి వచ్చేటప్పుడు మాత్రం బస్సు దిగాకే నాకు ఫోన్ చేస్తుంది. మొన్న ఉండబట్టలేక, "ఎక్కేటప్పుడు ఒక్క మాట చెప్పవచ్చుగా" అన్నాను.

"ఎందుకమ్మా, ఆపడానికా?" అంది.