బుధవారం మళ్ళీ రాస్తాను

నా భార్య పోయిన తర్వాత మా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ తిరిగి వెళ్ళేటప్పుడు 'వస్తా' అనలేదు. మామూలు రోజుల్లో ఆ మాట అనకుండా గడప దాటితే తప్పు. చావు జరిగిన ఇంట్లో అంటే తప్పు. మళ్ళీ వస్తానంటే మళ్ళీ అలాంటి పని మీదే రావాల్సి వస్తుందని భయం. అందుకని కూర్చున్నవాళ్ళు ఉన్నట్టుండి లేచి, చెప్పులు వెతుక్కుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయేవారు. నేను తల ఎత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉండేది. ఆ పద్ధతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎన్నో ఇళ్ళలో నేనూ అలాగే లేచి వచ్చాను. ఆ ఇంట్లోనే మిగిలిపోయి చూడటం మాత్రం అదే మొదలు.

ఒక్క మనిషి మాత్రం వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఎమ్మిగనూరు నుంచి భార్యతో వచ్చిన నేత పెద్దాయన. మేము అమ్మే దుప్పట్లు ఆయనే నేసేవాడు. ఇద్దరూ గేటు దాకా పోయి అక్కడ ఏదో గుసగుసలాడుకున్నారు. ఆయన ఒక్కడే తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"తప్పుగా అనుకోవద్దప్పా. అడిగే టైము కాదు ఇది. ఆ బెంగుళూరోళ్ళ కాగితం ఏమన్నా వచ్చెనా?"

మెయిలును ఆయన కాగితమనే అనేవాడు.

"చూడలేదన్నా," అన్నాను.

గేటు దగ్గర నుంచి ఆయన భార్య గట్టిగా అంది: "ఈ మనిషికి యాడ ఏం మాట్లాడల్లో తెల్దు. రా, బస్సు పోతాది."

ఆయన్ను పంపింది ఆమే. వీపు మీద చెయ్యి పెట్టి తోయడం కిటికీలోంచి చూశాను. నాకు కోపం రాలేదు. వాళ్ళ ఇంట్లో ఏం తేలాల్సి ఉందో నాకు తెలుసు.

నేనూ నా భార్యా ఆదోనిలో ఉండి ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన దుప్పట్లు, తువ్వాళ్ళు బయటి ఊళ్ళకు అమ్మేవాళ్ళం. నూలు కొనడం, మగ్గాల దగ్గరికి తిరగడం, మూటలు కట్టి పంపడం నా పని. కొనేవాళ్ళకు మెయిళ్ళు రాయడం ఆమె పని. బెంగుళూరులో అతిథి గృహాలు నడిపే ఒక సంస్థ తరఫున సరుకు కొనే ఒకామె నమూనా అడిగింది. బూడిదరంగు గళ్ళు, నల్ల అంచు. పెద్దాయన రెండు దుప్పట్లు నేశాడు. ఒకటి పంపి, ఒకటి మా దగ్గర ఉంచుకున్నాం. అది చేరాక బెంగుళూరామె ఫోన్ చేసింది. బాగుందంది. చివర 'నోడోణ' అంది. కన్నడంలో చూద్దామని. మా వైపు ఆ మాట తెలియనివాళ్ళు లేరు. స్పీకర్ పెట్టి ఉంది, పెద్దాయన పక్కనే ఉన్నాడు. బాగుంది అన్నది ఆయన చెవిన పడింది. చూద్దాం అన్నది పడలేదు. ఇంటికి పోయి మొత్తం సరుకుకు సరిపడా పడుగు మగ్గానికి ఎక్కించాడు.

పడుగంటే నిలువు పోగులు. ఒకసారి మగ్గానికి ఎక్కితే ఆ పోగులు ఆ బట్టకే. ఆ రంగు, ఆ వెడల్పు మా దగ్గర కొనే ఇంకెవరికీ పనికిరావు. నేస్తే అమ్ముడుపోదు, కోసేస్తే నూలు దండగ. ఆయన మూరెడు నేసి ఆపేశాడు.

ఆయనది గుంట మగ్గం. ముందరి గదిలో నేలను తవ్వి, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తాడు. ఆ గదిని జెరాక్సు కొట్టుకని ఒకాయన అద్దెకు అడుగుతున్నాడు. గుంట పూడ్చి బండలు పరిస్తేనే తీసుకుంటానన్నాడు. ఆర్డరు వస్తే మగ్గం ఉంటుంది. రాకపోతే గుంట పూడుతుంది. ఇది తేలకుండా భార్యాభర్తలిద్దరూ ఒకే ఇంట్లో ఎదురుబొదురుగా తిరుగుతున్నారు.

నా భార్య మెయిళ్ళు రాయడం పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా పెళ్ళికి ముందు ఆదోనిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసేది. యజమాని ముసల్మాను. చూసి కొనకుండా పోయిన మనిషి మళ్ళీ దుకాణం ముందు నుంచి పోతుంటే ఆయన 'ఆ రోజు చూసిపోతివి, రాలేదేమమ్మా' అని ఎన్నడూ అడగలేదట. అలా అడిగితే రేపటి నుంచి రోడ్డుకు అవతలి పక్క నడుస్తారనేవాడట. 'ఆ పొద్దు సూసినావే పచ్చది, దాంట్లో సన్నంచుది వచ్చింది, సూసిపో తల్లీ' అనేవాడట. అంతే.

ఆమె మెయిల్లో నాలుగైదు వాక్యాలు ఉండేవి. పోయినసారి ఏం మాట్లాడుకున్నారో ఒక వాక్యం. ఈసారి చెప్పదగ్గ కొత్త సంగతి ఒకటి. అవుననో కాదనో చెప్పగల ప్రశ్న ఒకటి. ఆ తర్వాత: అవసరం లేకపోతే వద్దని ఒక్క మాట రాయండి, నేనేమీ అనుకోను. లేదంటే ఫలానా రోజు మళ్ళీ రాస్తాను. ఆ రోజు తప్పకుండా రాసేది.

నాకు ఆ వద్దు అన్న మాట నచ్చేది కాదు. కొనేవాళ్ళకు మనమే నేర్పడమెందుకని అడిగాను.

"వద్దనేకి తావు ఇయ్యకపోతే మాట్లాడకుండా పోతారు," అంది. "మాట్లాడకుండా పోయినోళ్ళ కోసరం ఎన్ని దినాలని కాసుకోని కూచుంటావు?"

నేను సవరించి ఇస్తానంటే ఒప్పుకునేది కాదు. "నువ్వు రాస్తే అది మెయిలు కాదు, పెండ్లి పత్రిక," అనేది.

బెంగుళూరుకు ఆఖరి మెయిలు మంచం మీద నుంచే రాసింది. అప్పటికి ఎక్కువసేపు కూర్చోలేకపోయేది. రాసి, ల్యాప్‌టాప్ నా చేతికిచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె పోయాక దాన్ని తెరిస్తే చివరి వాక్యం కనిపించింది: బుధవారం మళ్ళీ రాస్తాను. ఆ బుధవారం ఆమె లేదు. బెంగుళూరు నుంచి జవాబూ లేదు.

ఆ పని ఇక నాది. పెద్దాయన ఫోన్ చేసి సలహా ఇచ్చాడు.

"మీ ఆమె పోయిన సంగతి రాయప్పా. వాళ్ళూ మనుసులే గదా. జాలిపడి ఆర్డరు ఇస్తారేమో."

"జాలికి దుప్పట్లు కొనరన్నా."

"ఎందుకు కొనరు? నా పెండ్లి జాలికే అయింది. అడుగు మీ వదినను."

వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది: "అవును. ఆ పొద్దు నించి నా మింద నేనే జాలిపడతాండా."

జాలి కోసం కాకపోయినా, బుధవారం ఎందుకు దాటిపోయిందో చెప్పకుండా రాయడం కుదరలేదు. మెయిళ్ళు ఆమె పేరు మీద వెళ్ళేవి. ముందు చాలా రాశాను. చదువుకుంటే ఆమె వెక్కిరింపు గుర్తొచ్చింది. చాలావరకు కొట్టేశాను. నా భార్య చనిపోయింది, అందుకే ఆలస్యమైంది, దుప్పట్ల గురించి మీ నిర్ణయం తెలియజేయండి. ఇంతే మిగిలింది. వద్దని రాయవచ్చన్న వాక్యం పెట్టలేదు. పెట్టాలనిపించలేదు.

ఆ సాయంత్రమే జవాబు వచ్చింది. పెద్ద జవాబు. నా భార్య మెయిళ్ళు ఎంత మర్యాదగా ఉండేవో రాసింది. తన తల్లి ఈమధ్యే పోయిందని, ఇల్లు ఇప్పటికీ అలవాటు కాలేదని రాసింది. వేళకు భోజనం చేయమంది. దుప్పట్ల మాట ఎక్కడా లేదు.

నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో ఒక్క మాటా అబద్ధంగా అనిపించలేదు. ఆ బెంగుళూరామె కూడా మా ఇంటికి వచ్చిన అందరిలాగే చేసింది. వచ్చి, కాసేపు కూర్చుని, 'వస్తా' అనకుండా లేచి వెళ్ళింది. చావు ఇంట్లో బేరం మాట్లాడకూడదు కదా. ఆ చావును మెయిలు మొదటి వాక్యంలో పెట్టింది నేను. దాన్ని దాటి లోపలికి ఎవరు వస్తారు?

పెద్దాయనకు ఫోన్ చేశాను.

"ఏమన్నారప్పా?"

"బాధపడినారన్నా."

"ఊఁ. ఆమీట?"

"అంతే."

"దుప్పట్లు?"

"వాటి గురించి ఏం రాయలేదు."

"మనకు కావల్సినంత బాధ ఇంట్లోనే ఉంది గదప్పా," అన్నాడు. "బెంగుళూరు నించి తెప్పిచ్చుకోవల్లా?"

పరామర్శకు జవాబుగా సరుకు సంగతి ఎలా అడగాలో నాకు తెలియలేదు. చావు గురించి నేను చాలా చదివాను, ఇంట్లో అల్మరా నిండా ఆ పుస్తకాలే. ఈ చిక్కు ఏ పుస్తకంలోనూ లేదు. రోజూ ల్యాప్‌టాప్ తెరిచేవాణ్ణి. ఏం రాసినా నా భార్య చావును తక్కెట్లో పెట్టినట్టే ఉండేది. మూసేసేవాణ్ణి. అటు పెద్దాయన కూడా ఫోన్ చేయడం మానేశాడు. జెరాక్సాయన ఇంకో గది చూసుకుంటున్నాడని పెద్దాయన భార్య ఒకసారి ఫోన్ చేసి చెప్పి పెట్టేసింది.

ఆ రోజుల్లోనే మంచం మీది బట్టలు తీశాను. మా దగ్గర ఉంచుకున్న రెండో నమూనా దుప్పటి ఆ మంచం మీదే ఉంది. జబ్బు ముదిరాక ఆమె అదే అడిగి పరిపించుకుంది. మెత్తగా ఉందని కాదు. ఎన్నిసార్లు ఉతికితే ఎలా ఉంటుందో చూడాలని. ఆ చివరి రోజుల్లో రోజూ ఉతకాల్సి వచ్చేది. మాది బోరు నీళ్ళు, ఉప్పు ఎక్కువ. మామూలు రంగులు ఆ నీళ్ళకు నిలవవు. ఒకరోజు అంచును వేళ్ళతో పట్టుకుని చూసి, "రంగు దిగలేదు సూడు. ఇది రాయల్ల వాళ్ళకు," అంది. నేను సరేనన్నాను. తర్వాత మరిచిపోయాను.

దుప్పటిని ఇంకోసారి ఉతికి మిద్దె మీద ఆరవేశాను. ఎండ బాగా ఉన్నప్పుడు ఫొటో తీశాను. నల్ల అంచు నల్లగానే ఉంది, పక్కన బూడిద గళ్ళలోకి మరక దిగలేదు. అప్పుడు కూర్చుని రాశాను.

మీ పరామర్శకు కృతజ్ఞతలు. మీకు పంపిన దుప్పటితో పాటు నేసిన రెండోదాన్ని మా ఇంట్లో వాడాం. ఉప్పు నీళ్ళలో చాలాసార్లు ఉతికాక ఎలా ఉందో ఫొటో జత చేస్తున్నాను. ఈ సరుకు మీకు కావాలా?

దాని మీద ఎవరు పడుకున్నారో రాయలేదు.

తర్వాతి వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. వద్దని రాయవచ్చని రాస్తే, వద్దనే వస్తుందని నాకు తెలుసు. అన్ని రోజుల మౌనానికి ఇంకో అర్థం ఉండదు. మగ్గం గుంటలో ఒక మనిషి మూరెడు గుడ్డ ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రాయకపోతే ఇంకొన్నాళ్ళు అలాగే కూర్చుంటాడు. రాశాను. వద్దనుకుంటే ఆ ఒక్క మాట చాలు, నేసే మనిషి వేరే పని చూసుకుంటాడు. లేదంటే బుధవారం మళ్ళీ రాస్తాను.

మరునాడు జవాబు వచ్చింది. ఈసారి చిన్నది. క్షమించండి, వద్దు. చాలా రోజుల కిందటే మరమగ్గాల సరుకు తీసుకున్నాం. మీ భార్య అంత మర్యాదగా అడుగుతుంటే ఆమెకు వద్దని రాయలేకపోయాను.

వద్దనడానికి నా భార్య అన్నిసార్లు చోటు ఇచ్చింది. ఆ చోటు ఇచ్చిన తీరు చూసే వాళ్ళు అనలేకపోయారు. ఈ సంగతి చెబితే ఏమనేదో నాకు తెలియదు. బహుశా ఇంకా పొట్టిగా రాయాల్సిందనేది.

ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళాను. దారి పొడుగునా, పత్తి లారీలు పోయిన చోటల్లా కంపచెట్లకు దూది పట్టుకుని ఉంది. పెద్దాయన గుంటలోనే కూర్చుని ఉన్నాడు, నేయకుండా.

నా మొహం చూసి, "వద్దన్నారా?" అన్నాడు.

"వద్దన్నారన్నా."

"తేలిపాయ," అన్నాడు.

కత్తెర తెమ్మని భార్యను అడిగాడు. ఆమె తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడింది. నేసిన మూరెడు గుడ్డను కోసి మడిచి పక్కన పెట్టాడు. తర్వాత పడుగును కోశాడు. బిగుతుగా ఉన్న పోగులు కొంచెం కొంచెంగా తెగి వేలాడాయి. దానికి చాలాసేపు పట్టలేదు. ఆయన చేతుల మీద బరువు ఆనించి పైకి లేచాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయేమో, గుంట అంచున కూర్చుండిపోయాడు.

ఆమె జెరాక్సాయనకు ఫోన్ చేసింది. "రూము ఇంగా కావల్లా నీకు? అయితే మట్టి తోలిస్తాం, రేపు రా." ఫోన్ పెట్టేసి కొంగుతో దాని అద్దం తుడిచింది. ఆమె టీ పెడతానని అనలేదు, నేను అడగలేదు. కాసేపటికి లేచి చెప్పులు వేసుకుని బయటికి నడిచాను.

"ఏమప్పా, సెప్పకుండా పోతాండావు?"

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. నేనేం చేశానో అప్పుడు తెలిసింది.

"ఈడ ఎవురూ సావలేదు," అంది. "వస్తానని సెప్పి పో."

"వస్తా వదినా."

"ఎప్పుడు?" లోపలి నుంచి ఆయన అడిగాడు.

"బుధవారం వస్తానన్నా."

బుధవారం వెళ్ళాను. గుంట పూడ్చేశారు. బండలు ఇంకా పరచలేదు. ఆ కొత్త మట్టి మీదే కుర్చీ వేసి నన్ను కూర్చోమన్నారు. కూర్చుంటే కుర్చీ కాళ్ళు కొంచెం దిగబడ్డాయి.